పెద్దక్క చేతులు కట్టుకున్న మూడు నెలలు

ఆ ఆసుపత్రి బట్టల విభాగంలో పెద్దక్క అందరికంటే పెద్దదేమీ కాదు. చిరిగిన దుప్పట్లు కుట్టే కుట్టుపిన్ని ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద. అయినా పెద్దక్క పెద్దక్కే. మాట పడాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చి నిలబడే మనిషికి ఎక్కడైనా అలాంటి పేరే వస్తుంది, వయసెవరు చూస్తారు?

ఆ విభాగం నేలమాళిగలో ఉంటుంది. ఒక గోడ పొడవునా ఉతికే యంత్రాలు, ఎదురు గోడకు ఆరబెట్టే యంత్రాలు, మధ్యలో పదహారు అడుగుల బల్ల. ఆ బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు రోజుకు పన్నెండు వందల దుప్పట్లు మడతపెడతారు. కట్టిన ప్రతి మూట మీదా ఒకటే ముద్ర పడుతుంది, ఏడు అని. అది పెద్దక్క నంబరు. మరక పోలేదని ఏ వార్డు నుంచైనా మూట తిరిగొస్తే పైఅధికారి ఏడో నంబరును పిలిచి నాలుగు దులుపుతాడు. ఉతికిందెవరో, మడతపెట్టిందెవరో ఆయన అడగడు. అడిగినా పెద్దక్క చెప్పదు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి పేరూ బయటపెట్టలేదు. మెచ్చుకోలు వచ్చిన రోజున కూడా ఆమె ఒక్కతే వెళ్లి అందుకుంది, అదీ నిజమే. అక్కడి పద్ధతి అది. ఆ పద్ధతి వల్లే తర్వాత కొంప మునగబోయింది. ముందే చెప్పేస్తున్నాను, దాచిపెట్టి ఊరించే అలవాటు నాకు లేదు.

ఆ ఆరుగురి ఇంటిభాషా ఒకటే. మూడు తరాలుగా కొండల్లోంచి పట్నానికి దిగివస్తున్నవాళ్ల భాష. బయటివాళ్లు దానికి ఏవేవో పేర్లు పెట్టారు గానీ, వాళ్లు మాత్రం 'ఇంటిమాట' అంటారు. అది బడిలో లేదు, ఆఫీసుల్లో లేదు, బస్సు బోర్డు మీద లేదు. వాళ్ల ఇళ్లలో ఉంది, ఆ బల్ల చుట్టూ ఉంది.

ఒకరోజు రికార్డుల గది గుమాస్తా ఏదో సంతకం కోసం కిందికి వచ్చాడు. వీళ్ల మాటలు కాసేపు విని, "మీది భాష కాదు కదండీ, ఏదో యాస కదా" అన్నాడు. పాపం, ఆయనేమీ చెడ్డవాడు కాదు, తనకు తెలిసిందేదో అన్నాడు. కానీ పెద్దక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఫోన్లో వెతికింది. ప్రపంచ భాషల పట్టికలో ఇంటిమాటకు కూడా మూడక్షరాల గుర్తు ఒకటుంది! ఎక్కడో ఎవరో కూర్చుని వీళ్లను లెక్కలో వేసుకున్నారు. ఆ వరసలోనే ఇంకో సంగతి తెలిసింది. ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వం ఒకటుందట, ఎన్నో భాషల్లో ఉందట, వీళ్లకంటే తక్కువమంది మాట్లాడే భాషల్లో కూడా ఉందట. ఇంకా లేని భాషవాళ్లు ముందు ఒక ప్రయోగ స్థలంలో రాసి చూపించాలి. ఒక సంఘం అది చూసి, ఆ భాషకు సొంత సైటు ఇవ్వాలో వద్దో తేలుస్తుంది.

రాసి చూపించడమేగా, చూపిద్దాం అనుకుంది పెద్దక్క.

మర్నాటి నుంచి వాళ్ల భోజనం అరగంట కాస్తా బడి అయిపోయింది. మూటల మీద కూర్చుని డబ్బాలు విప్పుకుని ఒకరు చెబుతారు, పెద్దక్క ఫోన్లో కొడుతుంది. నీళ్లు, ఉప్పు, జ్వరం, సబ్బు, తేనెటీగ, గొర్రె ఉన్ని, మోకాలు. మోకాలి గురించి కుట్టుపిన్ని చెప్పింది చెప్పినట్టు రాస్తే అది వ్యాసం కాలేదు, ఫిర్యాదు అయింది. మడతపెట్టే అక్కాచెల్లెళ్లిద్దరూ కొలతలూ తేదీలూ సరిచూసేవాళ్లు. అందరికంటే ఎక్కువ చెప్పింది రేడియో. ఆ మనిషి అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పొద్దున గేటు దగ్గర మొదలైన నోరు సాయంత్రం గేటు దగ్గరే ఆగుతుంది. ఇక తొమ్మిదేళ్ల నుంచి పనిచేస్తున్నా ఇంకా కొత్తమ్మాయి అనే పిలిపించుకునే ఆమె ఒకతి ఉంది. నోట్లో నాలుక లేనట్టు ఓ మూల కూర్చుని వినేది.

పద్నాలుగు నెలల్లో ఆరువందల నలభై వ్యాసాలు రాశారు. అన్నీ పెద్దక్క ఖాతాలోంచే. ఇంకో ఖాతా తెరవాలన్న ఆలోచన ఎవరి బుర్రలోకీ రాలేదు. మూట ఎవరు కట్టినా పడే ముద్ర ఏడే కదా. పెద్దక్క తలెత్తుకుని దరఖాస్తు పెట్టింది.

ఐదు వారాలకు జవాబు వచ్చింది. సంఘం తరఫున ఆ దరఖాస్తు చూసింది దూరాన ఎక్కడో లెక్కలు చెప్పుకునే ఒక టీచరమ్మ. సంఘంలో అందరూ అలాంటివాళ్లే, జీతం లేకుండా తీరిక వేళల్లో చేసేవాళ్లు. జవాబు మర్యాదగానే ఉంది. భాష నిజమైనదే, వ్యాసాలు బాగున్నాయి, యంత్రంతో అనువాదం చేసి అతికించినట్టు ఎక్కడా లేదు. కానీ రాసింది ఒక్కరే. ఒక్క మనిషి ఎంత రాసినా ఆమోదించడం కుదరదు. కనీసం ముగ్గురు, ఎవరి ఖాతాలో వాళ్లు, నెలకు పది మార్పులకు తగ్గకుండా, వరసగా మూడు నెలలు రాయాలి; కొత్తగా రాసినా పాతది దిద్దినా ఒక మార్పే, ప్రతి నెలా అదే ముగ్గురు కానక్కర్లేదు. ఏ ఒక్క నెల తగ్గినా దరఖాస్తు మూసేస్తారు.

పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది. ఒక్కరేనట! కోపం దిగాక భయం వేసింది. ఒకసారి మూసేశారంటే ఈ ఆడవాళ్లను మళ్లీ మూటల మీద కూర్చోబెట్టడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు. గుమాస్తా అన్న మాటను ఈసారి వాళ్లే నమ్మేస్తారు. నమ్మి, పిల్లలతో ఇంట్లో కూడా పట్నం భాషే మాట్లాడటం మొదలుపెడతారు. అప్పటికే ఒకరిద్దరి ఇళ్లలో మొదలైంది.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఏ చిక్కునైనా పక్కసందులోంచి దాటించేయొచ్చని ఆయన నమ్మకం. ఇందులో ఏముంది, ఇంకో ఐదు ఖాతాలు తెరిచి మార్చి మార్చి కొట్టు, మాటలెలాగూ వాళ్లవేగా, అబద్ధమెక్కడుంది అన్నాడు. ఆ సలహాలో కాస్త న్యాయం లేకపోలేదు. పెద్దక్క ఖాతా తెరిచే పేజీ దాకా వెళ్లింది. పేరు అడిగిన చోట 'రేడియో' అని కొట్టింది కూడా. అక్కడే వేలు ఆగిపోయింది. ఫోను బోర్లా పెట్టేసింది.

"ఇన్నేళ్లూ వాళ్ల తప్పులకు నా నంబరు వేసుకున్నాను" అంది భర్తతో. "నా రాతకు వాళ్ల పేర్లు వెయ్యలేనండీ."

ఒక సెలవురోజు పొద్దున టీచరమ్మతో వీడియోలో మాట్లాడింది. బల్ల గురించి, మూటల గురించి, ముద్ర గురించి ఏదీ దాచకుండా చెప్పింది. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విని, మీ మాట నేను నమ్ముతున్నాను, కానీ నా నమ్మకం ఒక్కటీ చాలదు అంది. ఇంతకుముందు ఇలాగే ఒక భాషకు ఒకే మనిషి పని చూసి ముచ్చటపడి ఆమోదం ఇచ్చారట. ఆయన మూడువేల వ్యాసాలు రాశాడు. తర్వాత ఉద్యోగం మారింది, రాయడం మానేశాడు. చూసే దిక్కు లేకపోయేసరికి దారినపోయే వాళ్లందరూ వచ్చి ప్రకటనలూ బూతులూ నింపిపోయారు. చివరికి దాన్ని మూసేయమని రాయాల్సి వచ్చింది ఈ టీచరమ్మే.

"రేపటి నుంచి మీరు రాయడం మానేస్తే ఏమవుతుందండీ? నేను తేల్చుకోవాల్సింది అదొక్కటే" అంది.

పెద్దక్క దగ్గర ఉన్న జవాబు పైకి చెప్పేది కాదు. తను మానేస్తే ఆ రోజే ఆగిపోతుంది.

ముగ్గురిలో మీరూ ఒకరు కావచ్చు, ఇంకో ఇద్దరుంటే చాలు అని టీచరమ్మ చివర్లో ఒక వెసులుబాటు చూపించింది. పెద్దక్క రెండు రోజులు దాని గురించే ఆలోచించింది. తను ఫోను పట్టుకుని కూర్చున్నంతసేపూ మిగతావాళ్లు చెబుతూనే ఉంటారు తప్ప ఒక్క అక్షరం కొట్టరు. అది ఆమెకు బాగా తెలుసు, ఎందుకంటే అలా అలవాటు చేసింది తనే. మూడో రోజు బల్ల దగ్గర తేల్చి చెప్పేసింది. ఒకటో తారీఖు నుంచి మూడు నెలల పాటు తను ఒక్క ముక్క కూడా రాయదు. రాస్తే వాళ్లు రాయాలి, లేదంటే ఇది ఇంతటితో సరి.

గగ్గోలు పుట్టింది. ఇన్నాళ్లూ బాగానే నడుస్తోందిగా అంది రేడియో. కుట్టుపిన్ని కళ్లద్దాల మీద నెట్టేసింది. అక్కాచెల్లెళ్లలో పెద్దది మాత్రం అందరి మనసులో ఉన్నది అడిగేసింది, తప్పు రాస్తే ఎవరి మీదికొస్తుంది అని. అందరూ పెద్దక్క వైపు చూశారు. తప్పు ఎవరిదైనా వచ్చి పడేది ఎక్కడో వాళ్లకు తెలుసు.

"మీ మీదికే వస్తుంది" అంది పెద్దక్క.

పంతొమ్మిదేళ్లలో ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

ఐదు ఖాతాలు తెరిచారు. ఎవరికి వాళ్లు తమ మారుపేర్లే పెట్టుకున్నారు; అక్కాచెల్లెళ్లవి పెద్ద మడత, చిన్న మడత. అంతే, మొదటి పది రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. పెద్దక్క రోజుకు ముప్ఫైసార్లు ఆ పేజీ తెరిచి చూసేది. తన పాత వ్యాసాల్లో చిన్న చిన్న లోపాలు కనపడి చేతులు దురద పెట్టేవి. దిద్దితే ఎవరికి తెలుస్తుంది? అందరికీ తెలుస్తుంది, అక్కడ ప్రతి మార్పు పక్కనా పేరు పడుతుంది. చేతులు కట్టుకుని కూర్చోవడం పన్నెండు వందల దుప్పట్లు మడతపెట్టడం కంటే కష్టమైన పని అని ఆమెకు అప్పుడే తెలిసింది.

పదకొండో రోజున మొదటి మార్పు కనపడింది. కొత్తమ్మాయి చేసింది. పెద్దక్క గుండె ఎగిరి గంతేసింది. తీరా తెరిచి చూస్తే, గొర్రె ఉన్ని మీద తను రాసిన వ్యాసంలో మొదటి పేరా మొత్తం కొట్టేసి ఉంది! దాని స్థానంలో మూడు వాక్యాలు. మార్పుకు కారణం రాసే గడిలో "ఇది తప్పు. గొర్రెను ముందు కడిగి, ఆరాక కత్తిరిస్తారు. కత్తిరించాక కడగరు" అని ఉంది.

తొమ్మిదేళ్లలో ఇటు పుల్ల తీసి అటు పెట్టినా తనను అడిగి పెట్టిన మనిషి, అడక్కుండా తన పేరా ఎగరగొట్టింది. పెద్దక్క అగ్గి మీద గుగ్గిలమైంది. పాత రూపానికి తిప్పేసే మీట పక్కనే ఉంది, ఒక్కసారి నొక్కితే చాలు. నొక్కలేదు. నేరుగా కుట్టు మిషను దగ్గరికి వెళ్లి పిన్నిని అడిగింది. పిన్ని నాన్న గొర్రెల కాపరి. పిన్ని దారం తెంపుకుంటూ, "ముందే కడుగుతారమ్మా, ఇంత కూడా తెలీదా నీకు" అంది తల ఎత్తకుండానే.

మర్నాడు భోజనం వేళ పెద్దక్క ఆ మూడు వాక్యాలను బల్ల దగ్గర పైకి చదివింది. తను పట్నంలో పుట్టిన మనిషినని, గొర్రెను దగ్గర నుంచి చూసింది కూడా లేదని, విన్నదేదో తన తెలివితో అతికించేశానని ఒప్పుకుంది. కొత్తమ్మాయి కొండల్లో పదహారేళ్లు గొర్రెల మధ్యే పెరిగింది. ఆ వ్యాసం రాసిన రోజున కూడా ఆమె అక్కడే కూర్చుని ఉంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు కొడుతున్నావు కదక్కా, మధ్యలో ఎలా చెప్పను అంది. ఆ జవాబుకు పెద్దక్క కోపమంతా సిగ్గుగా మారిపోయింది. ఎన్ని తప్పులు తన మొహం చూసి నోరు మూసుకున్నాయో ఏమో.

అప్పుడు మొదలైంది అసలు వేట. పెద్దక్క రాతలోనే తప్పులున్నాయంటే ఇక తమకు భయమేమిటి? వెతకడంలో ఒకరిని మించి ఒకరు. అక్కాచెల్లెళ్లు నెలల లెక్కలో పొరపాటు పట్టుకున్నారు. పిన్ని కళ్లద్దాలు అప్పటికప్పుడు పనిచేయడం మొదలుపెట్టి, మోకాలి వ్యాసంలో పెద్దక్క తీసేసిన తన మాటలన్నీ తిరిగి పెట్టేసింది. తప్పులు దొరకని చోట కొత్తవి రాశారు. నెల తిరిగేసరికి నలుగురు పది దాటారు. రెండో నెల కూడా దిగులు లేకుండా గడిచింది. పెద్దక్క భర్త రోజూ ఇంటికి రాగానే ఇవాళ నీవి ఎన్ని తప్పులు దొరికాయి అని అడిగి నవ్వేవాడు. ఆమె కూడా వేళ్లతో లెక్కపెట్టి చెప్పేది, అదేదో తనకొచ్చిన బహుమతి అన్నట్టు.

గండం మూడో నెలలో వచ్చింది. తల్లికి ఒంట్లో బాగోలేదని అక్కాచెల్లెళ్లిద్దరూ మొదటి వారంలోనే సెలవు పెట్టి వెళ్లిపోయారు. ఆ వెనకే ఆరబెట్టే యంత్రాల్లో రెండు ఆగిపోయాయి. తడి దుప్పట్లు కొండలా పేరుకుంటుంటే భోజనం అరగంట కాస్తా పది నిమిషాలైంది. నెలలో చివరి రోజుకు లెక్క చూస్తే కొత్తమ్మాయివి ముప్ఫై ఒకటి, పిన్నివి పన్నెండు. మూడో మనిషి రేడియో. ఆమెవి నాలుగే.

నిజానికి ఆ మూడు నెలల్లో రేడియో రాసినవే ఆ నాలుగు. అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి అందరికంటే తక్కువ రాసింది. బద్ధకమనుకుంది పెద్దక్క. ఆ మధ్యాహ్నం రేడియో ఆమెను మూటల చాటుకు లాక్కెళ్లి, ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"నేను చెప్తాను, నువ్వు కొట్టక్కా. ఆరే కదా. నేను అక్షరాలు నేర్చుకుందే పెళ్లయ్యాక. ఒక్కో మాటకు వెతుక్కుంటూ కూర్చుంటే వీళ్లంతా చూసి నవ్వుతారు."

పంతొమ్మిదేళ్లు పక్క పక్కన నిలబడి పనిచేసినా ఆ సంగతి పెద్దక్కకు తెలియదు. ఆ నోరంతా ఆ ఒక్క లోటు కనపడకుండా కప్పుకునే దుప్పటి అని తెలిసేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోను చేతిలోనే ఉంది. ఆరు మార్పులంటే తనకు నాలుగు నిమిషాల పని. మాటలు రేడియోవే, ఖాతా రేడియోదే, ఏ సంఘమూ ఎప్పటికీ కనిపెట్టలేదు. చెయ్యకపోతే అందరి కష్టమూ సాయంత్రానికి మట్టిలో కలిసిపోతుంది.

ఆమె ఫోను తిరిగి రేడియో చేతిలో పెట్టేసింది.

"నీ మాట నువ్వే కొట్టవే. నీ దుప్పట్లు నేను మడతపెడతాను. సాయంత్రం దాకా కొట్టు, ఎవరు నవ్వుతారో నేనూ చూస్తాను."

రేడియోకు కోపం వచ్చింది. రెండు తిట్లు తిట్టింది కూడా. తర్వాత కళ్లు తుడుచుకుని బల్ల చివర స్టూలు మీద కూర్చుంది. ఏం రాయాలో ఆమెకు తడుముకోవాల్సిన పని లేదు. ఇంటిమాటలో జంతువులను పిలిచే పిలుపులు రాస్తానంది. కోడిని ఎలా పిలుస్తారు, మేకను ఎలా అదిలిస్తారు, తప్పిపోయిన దూడను ఎలా కేకేస్తారు. ఒక్కో పిలుపు ఒక్కో మార్పు. ముందు గట్టిగా అరిచి చూసుకునేది, తర్వాత ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేది. కుక్కను పిలిచే నాలుక చప్పుడును అక్షరాల్లో పెట్టడం కుదరక చాలాసేపు తంటాలు పడి, చివరికి "నాలుకను అంగిలికి కొట్టాలి, రెండుసార్లు" అని రాసేసింది. దూడ కేక వినపడగానే పైఅంతస్తు నుంచి నర్సమ్మ పరుగెత్తుకొచ్చి ఎవరికేమైంది అని అడిగింది. అప్పుడు నవ్వారు అందరూ, రేడియోతో సహా. పెద్దక్క వంచిన తల ఎత్తకుండా రెండు వంతుల దుప్పట్లు మడతపెట్టింది. పని వేళ ముగిసే గంటకు ఇంకా పావుగంట ఉండగా రేడియో స్టూలు దిగింది.

"పది" అంది. ఆమె అంత పొట్టిగా మాట్లాడటం అంతకుముందు ఎవరూ వినలేదు.

ఆపైన సంఘంలో చర్చ రెండు వారాలు నడిచింది. అది అందరికీ కనపడే పేజీలోనే జరుగుతుంది కాబట్టి వీళ్లూ చదివారు. సంఘంలో ఒకాయన ఒప్పుకోలేదు. రాసేవాళ్లందరూ ఒకే గదిలో పనిచేస్తున్నారు, ఆ గది మూతపడితే ఏమిటి అన్నాడు. మంచి ప్రశ్నే. దానికి టీచరమ్మ, గది మూతపడితే వాళ్లు ఇళ్లకు వెళ్తారు, ఇళ్లలో మాట్లాడేది ఈ భాషే అని రాసింది. ఆయన ఇంకో రెండు రోజులు ఆలోచించుకుని సరే అన్నాడు.

నిర్ణయం భోజనం వేళకు వచ్చింది. అక్కాచెల్లెళ్లు కూడా అప్పటికి తిరిగొచ్చారు. పెద్దక్క నిలబడి పైకి చదివింది. ఆమోదించారు. ఇంటిమాటకు సొంత విజ్ఞాన సర్వస్వం! మూడు నెలల్లో రాసినవాళ్ల పేర్లు కింద వరసగా ఇచ్చారు. కొత్తమ్మాయి, కుట్టుపిన్ని, పెద్ద మడత, చిన్న మడత, రేడియో. ఒక్కో పేరు చదువుతుంటే ఆ పేరు గల మనిషి బల్ల దగ్గర నిటారుగా నిలబడింది. రేడియో తన పేరు రెండోసారి చదివించుకుంది.

"మరి నీ పేరేదీ?" అంది పిన్ని.

పెద్దక్క కింద టీచరమ్మ రాసిన కారణం చదివింది. "ఈ ప్రాజెక్టును మొదలుపెట్టిన మనిషి గత మూడు నెలల్లో ఒక్క మార్పు కూడా చేయలేదు. అయినా ఇది పెరిగింది. ఆమోదించడానికి నాకు ఇంతకంటే కారణం అక్కర్లేదు." సగానికొచ్చేసరికి ఆమె ఫోను రేడియో వైపు జరిపింది. మిగతా సగం రేడియో అందుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అందరి ముందూ పూర్తి చేసింది.

ఎంతో మెప్పు పొందిన రోజులు పెద్దక్కకు ఇంతకుముందు ఉన్నాయి. ఆ రోజంత గర్వం మాత్రం ఆమె ఎన్నడూ ఎరగదు, తన పేరు లేని ఆ ఒక్క పేజీ చూసి. మొహం తుడుచుకుని, హమ్మయ్య, ఇక రేపటి నుంచి తనూ రాయొచ్చు అంది.

"రాయక్కా" అంది కొత్తమ్మాయి. "తప్పులుంటే మేం దిద్దుతాంలే."